ఆట చూసి రాయండి: తెలుగు మీడియాకు ఒక పాత కంట్రిబ్యూటర్ బహిరంగ లేఖ

పత్రికల సంపాదకులకు, వార్తా ఛానెళ్ల బాధ్యులకు, జిల్లా డెస్కుల్లో రాత్రి పొద్దుపోయేదాకా పేజీలు పెట్టే మిత్రులకు, సొంతంగా యూట్యూబ్ ఛానెళ్లు నడుపుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

ధర్మవరం చుట్టుపక్కల పద్నాలుగేళ్లు ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్‌గా, అంటే అచ్చయిన వార్తల కొలతను బట్టి డబ్బు తీసుకునే స్థానిక విలేకరిగా, పనిచేశాను. అచ్చయిన వార్తలను కత్తిరించి, తెల్ల కాగితాలకు అంటించి, స్కేలుతో కొలిచి నెలాఖరుకు లైన్ అకౌంట్ పంపుకున్నవాణ్ని. పేజీలో చోటు ఎంత విలువైనదో, ఆఖరి నిమిషంలో యాడ్ వస్తే ముందుగా ఏ వార్త ఎగిరిపోతుందో నాకు తెలుసు. మీ మీద నేరం మోపడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఇందులో చెప్పబోయే తప్పుల్లో అన్నిటికంటే పెద్దది నేను చేసిందే.

కొన్నేళ్ల కిందట హైదరాబాద్ నుంచి ఒక ఛానెల్ వాళ్లు నిమ్మలకుంట వచ్చారు. మా ధర్మవరం మండలంలోని ఊరే అది. తరతరాలుగా తోలుబొమ్మలాడే కుటుంబాలు అక్కడ ఉన్నాయి. తోలుబొమ్మలాటకు 2020 సంవత్సరపు పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. దారి చూపించమంటే నేనూ వెంట వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఒక పెద్దాయన బొమ్మల పెట్టె తెరిచి హనుమంతుణ్ని బయటికి తీశాడు. దాదాపు మనిషంత బొమ్మ. మేకతోలును శుభ్రం చేసి, పలచగా గీకి, ఆరబెట్టి, గీతలు గీసి, రంగులు పూసి, కిరీటం మీదా హారాల మీదా ఉలితో సన్నటి చిల్లులు కొట్టి చేసిన బొమ్మ. రాత్రి తెర వెనక దీపం వెలిగితే ఆ చిల్లుల్లోంచి వెలుతురు వచ్చి నగలు నిజంగా మెరుస్తాయి. పగలు చూస్తే అది ఉత్త తోలుముక్క.

కెమెరా పట్టుకున్న కుర్రాడు "కొంచెం ఆడించండి సార్, రెండు నిమిషాలు చాలు" అన్నాడు. పెద్దాయనకు ఏం చెయ్యాలో తోచలేదు. "ఇట్ల కాదు నాయనా, రాత్రికి ఉండండి, తెర కట్టి ఆట చూపిస్తాం" అన్నాడు. వాళ్లకు నాలుగు గంటలకల్లా పుట్టపర్తిలో ఇంకో పని ఉంది. దాంతో పెద్దాయన ఆ ఎండలోనే, తెర లేకుండా, దీపం లేకుండా, మద్దెల లేకుండా, హనుమంతుణ్ని గాలిలో అటూ ఇటూ ఊపాడు. ఆ తర్వాత మైకు ముందుకొచ్చింది. "మీ కష్టాలు చెప్పండి." ఆయన చెప్పాడు. ఇల్లు, పింఛను, ఆదరణ లేకపోవడం. చెప్పడం అయిపోయాక కూడా మైకు వంకే చూస్తూ, "ఆట గురించి అడగవా నాయనా?" అన్నాడు. ఆ మాట ప్రసారం కాలేదు. ప్రసారమైనదల్లా రెండు నిమిషాల లోపు కథనం, వెనకాల ఏడుపు సంగీతం, కింద "అంతరించిపోతున్న తోలుబొమ్మలాట" అని అక్షరాలు.

ఆ మాట వాళ్లు ఎక్కణ్నుంచో కనిపెట్టింది కాదు. దానికి ముందు మూడేళ్లలో నేనే రెండుసార్లు రాశాను. జిల్లా పేజీలో, ఫొటోతో. "కనుమరుగవుతున్న కళ", "ఆదరణ లేక అంతరించిన ఆట". శీర్షిక బాగుందని డెస్కులో మెచ్చుకున్నారు కూడా.

ఆ తర్వాత ఒక శివరాత్రికి పక్క మండలంలోని ఒక ఊరికి పనిమీద పోయాను. రాయలసీమలో శివరాత్రి జాగారానికి తోలుబొమ్మలాట పెట్టించడం పాత ఆనవాయితీ. ఆ ఊరి గుడి ముందు స్టేజీ కట్టి, డీజే బాక్సులు పేర్చి ఉన్నాయి. రికార్డింగ్ డాన్సు అట. గుడి కమిటీ పెద్ద నాకు తెలిసినాయనే. "ఏంది పెద్దప్పా, ఈసారి ఆట పెట్టించలేదా?" అన్నాను. ఆయన నా మొహం చూసి, "ఆడేవాళ్లు ఎవరూ మిగల్లేదని నువ్వే గదప్పా పేపర్లో రాసింది?" అన్నాడు. ఆట ఆడేవాళ్లు ఆ ఊరికి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. ఆ రాత్రి వాళ్లకు ఎక్కడా ఆట లేదు. డాన్సు వాళ్లకు ఇచ్చిన దాంట్లో సగం ఇచ్చినా వచ్చి తెల్లవార్లూ ఆడి ఉండేవాళ్లు.

నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ రాత్రే. మనం జాలితో రాసే రాతలు కళాకారుడి కడుపు కొడుతున్నాయి. "అంతరించిపోయింది" అని రాసిన ప్రతిసారీ ఒక ఊరి కమిటీ పిలవడం మానేస్తుంది. కళాకారుడు బతికే ఉన్నాడు, పాట గొంతులోనే ఉంది, పెట్టెలో బొమ్మలూ ఉన్నాయి. లేనిదల్లా పిలుపు. పిలుపు ఎందుకు లేదో, ఎలా వస్తుందో రాయాల్సింది పోయి, మనం సంతాపం రాస్తున్నాం.

జానపద కళాకారుడు మన పేజీల్లోకి, తెరల మీదికి ఎప్పుడెప్పుడు వస్తున్నాడో ఒకసారి గుర్తు చేసుకోండి. పద్మశ్రీ ప్రకటించిన రోజు. ఇబ్బందుల్లో ఉన్నాడని వీడియో పాకిన రోజు. పోయిన రోజు. 2022లో పద్మశ్రీ అందుకున్న పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య గారు 2024లో కూలిపని చేస్తున్న వీడియో అందరం చూశాం. వారం రోజులు ప్రతి ఛానెల్లోనూ అదే. మధ్యలో ఆ రెండేళ్లు ఆయన కిన్నెర ఎక్కడ మోగింది, ఎవరు పిలిచారు, ఆయన దగ్గర ఎవరైనా నేర్చుకుంటున్నారా అని అడిగిన వార్త నా కంట పడలేదు. అదే 2022లో మణుగూరు ప్రాంతానికి చెందిన సకిని రామచంద్రయ్య గారికీ పద్మశ్రీ వచ్చింది. కోయ డోలి కళాకారుడు. సమ్మక్క సారలమ్మల చరిత్రను కోయ భాషలో పాటగా చెప్పగలిగిన మనిషి. 2024 జూన్‌లో ఆయన పోయారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది. మీ ఛానెళ్లన్నీ అక్కడే ఉంటాయి. నాలుగు రోజులు లైవ్. ఎన్ని లక్షల మంది వచ్చారు, ఏ మంత్రి మొక్కు తీర్చుకున్నారు, ట్రాఫిక్ ఎక్కడ ఆగింది, బెల్లం ధర ఎంత. ఇవన్నీ కావాల్సిన వార్తలే, కాదనను. అదే అడవిలో డోలి కోయలు పడిగెలు పట్టుకుని, ఆ గుడ్డల మీద బొమ్మల్లో ఉన్న తమ వంశాల కథలను డోలు వాయిస్తూ పాడతారు. జాతర ఎవరిదో వాళ్ల నోటి నుంచి వచ్చే చరిత్ర అది. నాలుగు రోజుల లైవ్‌లో ఆ పాటకు ఒక గంట ఇచ్చి, కింద తెలుగు అర్థం వేస్తే ఎంత బాగుంటుంది? మీ వాహనం అక్కడే ఉంది, కెమెరా అక్కడే ఉంది, మనిషి అక్కడే ఉన్నాడు. దానికి అదనంగా అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు.

మనం వాడే మాటల గురించి కూడా చెప్పాలి. "ఇల్లిల్లూ తిరిగి భిక్షాటన చేస్తూ బతుకుతున్న కళాకారులు" అని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. తెలంగాణ పల్లెల్లో కథలు చెప్పే కుటుంబాలకు మిరాశి అని ఒక పద్ధతి ఉంది. చిందువాళ్లు, డక్కలివాళ్లు మాదిగలకు, కూనపులివాళ్లు పద్మశాలీలకు, మందెచ్చులవాళ్లు గొల్లలకు, కాకిపడగలవాళ్లు ముదిరాజులకు కథ చెప్తారు. ఏ కుటుంబానికి ఏ ఊళ్లో ప్రదర్శించే హక్కు ఉందో పంపకం ఉంటుంది. ఆస్తి పంచుకున్నట్టే అన్నదమ్ములు ఊళ్లను పంచుకుంటారు. కొందరి దగ్గర ఆ హక్కుల రాగి రేకులు కూడా ఉన్నాయి. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డ మీద వేసే పొడుగాటి పటాలు ఈ కథలు చెప్పేవాళ్ల కోసం పుట్టినవే. ఆ కులం పుట్టుపూర్వోత్తరాలు, గోత్రాలు ఆ కథలో ఉంటాయి. కథ విన్నాక ఊరు ఇచ్చేది వాళ్ల పనికి ప్రతిఫలం, వాళ్ల హక్కు. దాన్ని బిచ్చం అని అచ్చు వేస్తే ఆ ఇంటి పిల్లవాడు బళ్లో తల ఎత్తుకోలేడు, రేపు ఆ పటం ముట్టుకోడు. ఒక సబ్‌ఎడిటర్ ఒక్క మాట మార్చినా ఆ పిల్లవాడికి మేలు చేసినట్టే.

ఈ సంగతులు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. ఈ కళల మీదే జీవితాలు పెట్టిన పరిశోధకులు ఉన్నారు. క్రికెట్ రాసేవాడికి ఆట తెలియాలంటాం. బడ్జెట్ రాసేవాడికి లెక్కలు తెలియాలంటాం. ఒగ్గుకథ గురించి రాసేవాడికి మాత్రం డోలుకూ జమిడికకూ తేడా తెలియకపోయినా పర్వాలేదనుకుంటున్నాం.

అందుకే నా మొదటి కోరిక చాలా చిన్నది. ఆట చూడండి. పూర్తిగా. తెల్లవారేదాకా ఒక్కసారి కూర్చోండి. నేను పద్నాలుగేళ్ల ఉద్యోగంలో తోలుబొమ్మలాట గురించి ఆరేడు వార్తలు రాసి, మొత్తం ఆట చూసింది ఆఖరి సంవత్సరంలో. సిగ్గుపడాల్సిన విషయం, ఒప్పుకుంటున్నాను. ఆ రాత్రి నేను చూసింది నా రాతల్లో ఎక్కడా లేదు. రెండు గంటలకు చాపల మీద పిల్లలు నిద్రకు జోగుతుంటే, ఆటలో నవ్వించే బొమ్మలు జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికి దూకి పోట్లాట మొదలుపెట్టారు. వాళ్ల మోటు సరసానికి ముసలివాళ్లు కూడా లేచి కూర్చుని నవ్వారు. తెర వెనక్కి వెళ్లి చూస్తే, బొమ్మ పట్టుకున్న మనిషి కాలికింద చెక్కపలక ఉంది. యుద్ధం వస్తే దాని మీద కాలు దడదడలాడిస్తున్నాడు. పాట పాడుతూ, రెండు చేతులా రెండు బొమ్మలు ఆడిస్తూ, కాలితో రథాలు పరిగెత్తిస్తున్నాడు. పక్కనే ఆయన భార్య సీత మాటలు చెబుతూ, తర్వాత ఎత్తాల్సిన బొమ్మను వరసలోంచి తీసి అందిస్తోంది. ఇదంతా తెలిసిన మనిషిని పట్టుకుని, "మీకు పింఛను వస్తోందా?" అని మాత్రమే అడిగి వచ్చేవాణ్ని నేను.

చూడకుండా రాయడం వల్ల ఇంకో నష్టం జరుగుతోంది. నిమ్మలకుంటలో ఇప్పుడు తోలుతో లాంప్‌షేడ్‌లు, గోడకు వేలాడదీసే బొమ్మలు చేస్తున్నారు. వాటికి గిరాకీ ఉంది, ఇళ్లు గడుస్తున్నాయి, మంచిదే. పగలు ఫొటో తీయడానికి అవి వీలుగా ఉంటాయి కాబట్టి మన కథనాలన్నీ వాటి చుట్టూ తిరుగుతున్నాయి. కొత్త తరం పిల్లలు ఉలి పట్టడం నేర్చుకుంటున్నారు. పాట నేర్చుకునేవాళ్లు తగ్గిపోయారు. రంగనాథ రామాయణంలోని ద్విపదలు నోటికి వచ్చిన పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. "కొత్త పుంతలు తొక్కుతున్న తోలుబొమ్మలు" అని రాసే ముందు, ఆ ఇంట్లో చివరిసారి పాట ఎప్పుడు వినిపించిందో కూడా అడగండి.

రెండో కోరిక, ముందుగా చెప్పండి. జరిగిపోయాక ఫొటో వేస్తే చూసేవాడికి ఏం లాభం? సినిమా ఎప్పుడు వస్తుందో నెల ముందు నుంచీ చెప్తారు. మన కళలకు కూడా కాలాలు ఉన్నాయి. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి దాటాక మొదలై ఉగాది దాకా సాగుతుంది, ఒగ్గు పూజారులు పట్నాలు, అంటే రంగుల పొడులతో ముగ్గులు, వేస్తారు. దీపావళి సమయంలో ఆదిలాబాద్ గూడేల్లో గోండుల ఆటలు దండారి, గుస్సాడీ. సంక్రాంతికి శ్రీకాకుళం, విజయనగరం వైపు తప్పెటగుళ్లు. ఎండాకాలంలో చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజుల భారతం, పగలు హరికథ, రాత్రి నాటకం, ఆఖర్న దుర్యోధన వధ. ఈ వారం ఎక్కడ ఏ ఆట ఉంది, ఏ బృందం వస్తోంది అని జిల్లా పేజీలో నాలుగు అంగుళాల చోటు ఇవ్వండి. ఆ బృందం పెద్ద ఒప్పుకుంటే ఫోన్ నంబరు వెయ్యండి. వాళ్లు ఎంత తీసుకుంటారో, ఎంతమంది వస్తారో, ఏం ఏర్పాటు చెయ్యాలో రాయండి. పెళ్లికి మండపం కావాలన్నా, వంటవాళ్లు కావాలన్నా నంబరు దొరుకుతుంది. ఆట పెట్టించాలనుకునే ఊరికి మాత్రం ఎవర్ని అడగాలో తెలియదు. ఆ శివరాత్రి నాడు ఆ కమిటీ పెద్దకు కావాల్సింది అదే, నేను ఇవ్వనిదీ అదే.

మరునాడు ఆ ఆట ఎలా ఉందో కూడా రాయండి. శుక్రవారం ఉదయం ఆట అయ్యేసరికి సినిమా రివ్యూ వచ్చేస్తుంది. ఒక చిందు యక్షగాన బృందం బాగా ఆడిందో లేదో, ఎవరి గొంతు నిలిచిందో, ఏ ఘట్టం తేలిపోయిందో రాసేవాళ్లు లేరు. బాగాలేకపోతే బాగాలేదనే రాయండి. తప్పులు చూపించడం కూడా గౌరవించడమే. ఊరికే "ఆద్యంతం అలరించింది" అని రాస్తే చూడకుండా రాశారని కళాకారుడికి వెంటనే తెలిసిపోతుంది.

ఇక డబ్బు సంగతి. ఇది చెప్పడానికి మొహమాటపడను. పండగ స్పెషల్ కార్యక్రమాలకు పల్లె కళాకారులను స్టూడియోకు పిలుస్తారు. పొద్దున ఆరింటికి రమ్మంటారు, మధ్యాహ్నం మూడింటికి షూటింగ్ మొదలవుతుంది. సినిమా నటుడికి కారు వెళ్తుంది, డప్పు కళాకారుడు బస్సు టికెట్ సొంతంగా కొనుక్కుంటాడు. అడిగితే "టీవీలో పేరొస్తుంది కదా" అంటారు. ఒకప్పుడు ఆకాశవాణి ఏం చేసిందో గుర్తుందా? ఆడిషన్ పెట్టింది, గ్రేడ్ ఇచ్చింది, కాంట్రాక్టు కాగితం పంపింది, చెక్కు ఇచ్చింది. పాటకు ముందు, తర్వాత కళాకారుల పేర్లు చదివింది. మొత్తం పెద్దది కాకపోవచ్చు. ఆ కాంట్రాక్టు కాగితాన్ని ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్న బుర్రకథ కళాకారుడి ఇల్లు నేను చూశాను. పని చేయించుకున్నాం, డబ్బిచ్చాం, పేరు చెప్పాం. ఆ కాగితం చెప్పేది అంతే. ప్రైవేటు ఛానెళ్లకు అంతకన్నా ఎక్కువ ఆదాయం ఉంది, అంతకన్నా తక్కువ పద్ధతి ఉంది.

యూట్యూబ్ మిత్రులు కూడా ఇది వినాలి. మీరు చేసిన మేలు చిన్నది కాదు. పత్రికలు పట్టించుకోని గొంతులను ఫోన్ పట్టుకుని పోయి వినిపించింది మీరే. జానపద పాటలకు ఈరోజు ఉన్న ఆదరణలో మీ వాటా పెద్దది. అయితే, పొలంలో నాట్లు వేస్తున్న అమ్మ దగ్గర పాట రికార్డు చేసుకుని, దానికి బీట్లు కలిపి, కొత్త గాయనితో పాడించి, "జానపదం" అని ఒక్క మాట పెట్టి వదిలేస్తున్న వాళ్లూ ఉన్నారు. ఆ అమ్మ పేరు లేదు, ఊరు లేదు, రూపాయి లేదు. కాపీరైట్ చట్టంలో 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు అని ఒకటి చేరింది. పాడినవాళ్ల, ఆడినవాళ్ల అనుమతి లేకుండా వాళ్ల ప్రదర్శనను రికార్డు చేసి వాడుకోకూడదని, ఆ హక్కు (1999 సవరణ తర్వాత) 50 ఏళ్లు ఉంటుందని ఆ చట్టం చెప్తుంది. 2012 సవరణ రాయల్టీ మాట కూడా తెచ్చింది. వార్తలో ఒక చిన్న ముక్క చూపించడం వేరు, పాట మొత్తం అప్‌లోడ్ చేసి దాని మీద ఏళ్ల తరబడి డబ్బు తీసుకోవడం వేరు. ముందుగా అడగండి, పేరు వెయ్యండి, వచ్చిన దాంట్లో వాటా ఇవ్వండి. ఆ అమ్మకు చట్టం తెలియకపోవచ్చు, మీకు తెలుసు.

మీరు తలుచుకుంటే ఏమవుతుందో ఈ రాష్ట్రం చూసింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సాక్షరతా ఉద్యమం కోసం కళాజాతలు ఊరూరా తిరిగాయి. పాటలు పాడాయి, నాటికలు వేశాయి. రాత్రి బడుల్లో చదువుకున్న దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. పత్రికలు ఆ వార్తను రోజూ మోశాయి. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించాల్సి వచ్చింది. అటు పాట, ఇటు పత్రిక, మధ్యలో పల్లె ఆడవాళ్లు. పాటకు అంత బలం ఉందని తెలిసిన పత్రికలే ఇప్పుడు పాటను పండగ పేజీ అలంకారంగా చూస్తున్నాయి. నాకు బాధ కలిగేది అక్కడే. 1989లో ఈనాడు జిల్లా పేజీలు మొదలుపెట్టాక, మిగతావీ అదే దారి పట్టాక, తెలుగు పత్రికలు వెళ్లినంత లోపలికి, పల్లె చివరి ఇంటిదాకా, దేశంలో చాలా పత్రికలు వెళ్లలేదు. ప్రతి మండలంలో మీకు మనిషి ఉన్నాడు. ఆ మనిషికి ఒక్క మాట చెప్పండి చాలు. తన మండలంలో ఎన్ని బృందాలు ఉన్నాయో, ఏ ఊళ్లో ఉన్నాయో, ఏ పాటలు తెలుసో ఒక నోటు పుస్తకంలో రాసుకోమనండి. కళాకారులకు ప్రభుత్వం నుంచి రావాల్సిన ప్రదర్శన బిల్లులు ఎన్ని నెలలుగా ఆగాయో కలెక్టరేట్‌లో అడగమనండి. పెద్దవాళ్ల కథలు మొత్తం, ముక్కలు చెయ్యకుండా, రికార్డు చేసి దాచమనండి. ఈరోజు ఫోన్ ఉంటే చాలు. నేను పనిచేసిన రోజుల్లో నా దగ్గర అదీ లేదు. ఆ పద్నాలుగేళ్లలో పోయిన ముగ్గురు పెద్దవాళ్ల గొంతు ఇప్పుడు ఎక్కడా లేదు.

చివరగా ఒక సమాచారం, ఒక పిలుపు. నేను చెప్పిన ఆ ఊరి గుడి కమిటీతో పోయిన నెల కూర్చుని మాట్లాడాను. వచ్చే శివరాత్రికి తోలుబొమ్మలాట పెట్టించడానికి ఒప్పుకున్నారు. అడ్వాన్సు ఇచ్చారు, నా ముందే. సుందరకాండ ఆడతామని బృందం వాళ్లు చెప్పారు. రాత్రి తొమ్మిదిన్నరకు తెర కడతారు. లంకాదహనం వచ్చేసరికి మూడు దాటుతుంది. మీలో ఎవరు వచ్చినా పడుకోవడానికి చాప, పొద్దున కాఫీ నా పూచీ. కెమెరా తెచ్చుకోండి. దాని లైటు మాత్రం ఆర్పేసి కూర్చోండి, తెర వెనక ఉన్న వెలుతురు సరిపోతుంది.

ఇట్లు,
ఒక పాత కంట్రిబ్యూటర్,
ధర్మవరం